గోడ మీద నడిచిన నీలం కోటు

మా అమ్మని ప్రార్థన మందిరం గడప మీద నిలబెట్టి పోయిన వారం కథ ఆపేశాను. వారం రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి ఉందని మా మనవరాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు. నిలబడనివ్వండి. అంతకంటే చెడ్డ చోట్ల నిలబడిన మనిషి ఆవిడ. అది ఎక్కడో ఇవాళ చెబుతాను.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. మా నాన్న కెప్టెన్ అబైజా థ్రాల్. కనెక్టికట్ నుంచి ఎడ్లజత తోలుకుని, గొడ్డలి భుజాన వేసుకుని ఈ కొండల్లోకి అందరికంటే ముందు వచ్చింది ఆయన. గిలియడ్ అని ఊరికి పేరు పెట్టింది ఆయన. ఊరి పటాలాన్ని కూర్చింది, వాగు ఒడ్డున దుంగల కోట కట్టించింది కూడా ఆయనే. కెనడా వైపు నుంచి ఇంగ్లండు రాజు సైన్యం వచ్చిపడి కింది వీధి కొట్టాలన్నీ తగలబెట్టిన రోజున, నీలం కోటు తొడుక్కుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ కోట గోడ మీద పచార్లు చేసి ఊరిని కాపాడింది ఆయనేనని మా ఊళ్లో పిల్లలకి ఉగ్గుపాలతో చెప్పేవారు. ఆ రోజంతా ఆయన ఒక చెయ్యి నడుం మీద అదిమిపెట్టుకుని నడిచారట. గుండు తగిలినా పడకుండా నిలబడ్డారని చెప్పుకునేవారు. ఈ మాట ఎవరు ఎత్తినా మా నాన్న లేచి, ఎడ్లకి నీళ్లు పెట్టాలంటూ బయటికి వెళ్లిపోయేవారు. పొగడ్త పడని మనిషి అనుకునేవాళ్లం.

ఈ కథ జరిగిన ఏడు, చలికాలంలో ఆయన కన్నుమూశారు. మట్టి ఇంకా ఆరకముందే మందిరం పెద్ద, డీకన్ లెమ్యుయెల్ పెక్ నోరు విప్పాడు. దాడి జరిగిన పొద్దున కెప్టెన్ కోటలో లేడని, వాగు రేవు దాటి పోతుంటే తన కళ్లతో చూశానని ఇంటింటికీ చెప్పుకొచ్చాడు.

అది ఉత్త మాటగా పోయేదే. కానీ ఆ ఏడు మా ఊళ్లో కొత్త ప్రార్థన మందిరం లేచింది. అందులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఊరు పెట్టిన ముగ్గురు పెద్దలు తేల్చాలి. వయసు చూస్తారు, పొలం చూస్తారు, పటాలంలో హోదా చూస్తారు, చూసి బెంచీలు పంచుతారు. ఒకసారి పేర్లు చదివారంటే ఇక తిరుగులేదు. ఆ వరుసలోనే ప్రభు భోజనం రొట్టె అందుకోవాలి, ఆ వరుసలోనే శవం వెనక నడవాలి. పిల్లల సంబంధాలు కూడా బెంచీ చూసే కుదురుతాయి. మొదటి బెంచీ థ్రాల్ వాళ్లదని ఊరు పుట్టిన నాటి నుంచి ఎవరికీ అనుమానం లేదు. ఇప్పుడు మెట్ల కింది బెంచీ అంటున్నారు. కూలివాళ్లూ దారిన పోయేవాళ్లూ కూర్చునే చోటు అది. ఆ పేరు అక్కడ చదివితే మా నాన్న పిరికివాడని ఊరు ముద్ర వేసినట్టే. అలా చదివిన వారంలోనే పొలం అమ్మేసి పడమటికి వెళ్లిపోతానని మా అన్న గిడియన్ శపథం పట్టాడు. నాన్న నరికి చదును చేసిన నేల పరాయివాళ్ల పాలవుతుంది. ఆయన సమాధి ఒక్కటే ఇక్కడ మిగులుతుంది.

పేర్లు చదివేది ఊరి పటాలం కవాతు రోజు మధ్యాహ్నం. ఆ రోజు తెల్లారగట్ల కుర్రాళ్లు కెప్టెన్ గుమ్మం ముందు తుపాకులు పేల్చి నిద్ర లేపడం మా ఊరి ఆనవాయితీ. పేల్చి లోపలికొచ్చి కేకు తిని, ఆపిల్ సారా తాగి పోతారు. నాన్న లేకపోయినా ఆయన గుమ్మం ఉంది కదా. అమ్మ కేకు చేసింది. సారా పీపా బయట పెట్టింది. తెల్లవారింది, పొద్దెక్కింది, ఒక్క తుపాకి మోగలేదు. అమ్మ కేకు మీద గుడ్డ కప్పి, పెట్టె తీసి నాన్న నీలం కోటు బయటికి తీసింది. దులిపి చేతి మీద వేసుకుంది. "పద కెజాయా" అంది నాతో. అంతే, ఇంకో మాట లేదు.

మేం గడప దగ్గరికి చేరేసరికి మందిరం కిటకిటలాడుతోంది. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు. ముందు బల్ల దగ్గర ముగ్గురు పెద్దలు. మధ్యలో డీకన్ పెక్. ఒక పక్క ముసలి సైలస్ బీమన్, పాత పటాలంలో సిపాయి. మరో పక్క కుంటికాలు బడిపంతులు హేజెన్, కలం పట్టుకుని. హేజెన్ యుద్ధం అయ్యాక ఆల్బనీ వైపు నుంచి వచ్చాడు. దస్తూరీ ముత్యాలలా ఉంటుందని పెక్ తనే పూనుకుని బడి ఇప్పించాడు. ప్రతి ఆదివారం పెక్ ఇంట్లోనే అతని భోజనం.

తలుపు పక్కన డోలు అమాసా. ఊరికి ఇంకా గంట కొనలేదు గనక ప్రార్థనకి జనాన్ని పిలిచేది అమాసా డోలే. ఒకప్పుడు పటాలాన్ని నడిపింది కూడా ఆ డోలే. ఎలాగో చెప్పకపోతే ముందు జరిగేది మీకు అర్థం కాదు. ఫ్రెంచివాళ్లతో జరిగిన పాత యుద్ధంలో మా నాన్న మెడకి కత్తి తగిలింది. గాయం మానింది గానీ గొంతు పోయింది. మాట్లాడితే పక్కనున్న మనిషికి తప్ప వినపడదు. అందుకని ఆయన చేతితో సైగ చేసేవారు, అమాసా ఆ సైగ చూసి డోలు వాయించేవాడు. చెయ్యి పైకెత్తితే తుపాకులు దట్టించాలి. అరచెయ్యి చాపితే ఆగాలి. టోపీ తీస్తే కాల్చాలి. పక్క ఊళ్ల పటాలాలు మమ్మల్ని మూగ పటాలం అని వెక్కిరించేవి. దాడి రోజున ఆ వెక్కిరించిన వాళ్లు ఎక్కడ దాక్కున్నారో నన్ను అడగకండి. మా సిపాయిలకి మాత్రం కెప్టెన్ మాట వినాలన్న ధ్యాసే లేదు. డోలు వినడమే వాళ్లకి తెలుసు.

"మెట్ల కింది బెంచీ" అని పెక్ చదువుతున్నాడు. "ఆడవాళ్ల వైపు. విధవరాలు జెరూషా థ్రాల్."

మందిరం మొత్తం మెడ తిప్పి మా వైపు చూసింది. నా చెవులు కాలిపోయాయి. మా అన్న గిడియన్ మగవాళ్లలోంచి లేచాడు.

"మా అమ్మ పేరు ఇంకోసారి చదవండి డీకన్ గారూ. ఈసారి నా ముఖం చూస్తూ చదవండి."

"గిడియన్, కూర్చో" అంది అమ్మ గడప మీది నుంచి. "పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు."

ముగ్గురు పిల్లల తండ్రి, ఆరడుగుల మనిషి, నోరు మూసుకుని కూర్చున్నాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ నడవలోకి వచ్చింది.

"సోదరీ, మందిరంలో ఆడవాళ్లు మాట్లాడే ఆనవాయితీ లేదు" అన్నాడు పెక్.

"ఆదివారం లేదు. ఇవాళ కవాతు రోజు. కవాతు రోజున ఈ ఊళ్లో ఎవరి ఇంటి ఆజ్ఞ నడిచేదో మీకూ తెలుసు."

"ఆ ఇంటి సంగతే కదా ఇప్పుడు తేలాల్సింది. నేను ఎవరి మీదా నింద వేయడం లేదు. కళ్లతో చూసింది చెప్పాను. పొగ లేస్తోంది. పొగమంచు ఇంకా విడలేదు. నేను కొండ మీద ఉన్నాను. కింద రేవులో కెప్టెన్ థ్రాల్. కోట వైపు వీపు పెట్టి పోతున్నాడు. దేవుడి ఇంట్లో నిలబడి చెబుతున్నాను."

"నువ్వు కొండ మీద ఏం చేస్తున్నావు లెమ్యుయెల్?" అని అడిగాడు పక్కనే ఉన్న సైలస్ బీమన్.

"ఆవుల్ని తోలుకెళ్లాను. దాచిపెట్టడానికి."

"క్షేమమే కదా ఆవులు?"

మగవాళ్ల వైపు నవ్వులు లేచాయి. పెక్ ముఖం కందగడ్డలా అయింది. పెక్ చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. అతనికి నిజం అంటే పిచ్చి. తన చేతిలో ఉన్న నిజం ముక్క అంటే ఇంకా పిచ్చి.

"నవ్వండి" అన్నాడు. "సైలస్, నువ్వు కెప్టెన్ని గోడ మీద చూశానంటావు. నేను రేవులో చూశానంటాను. ఒక మనిషి రెండు చోట్ల ఉండడు. ఇద్దరిలో ఒకడు అబద్ధాలకోరు. నేను కాదు."

"నేనూ కాదు" అన్నాడు సైలస్.

"ఇద్దరూ కాదు" అంది అమ్మ.

పెక్ ఆవిడ వైపు తిరిగాడు.

"డీకన్ గారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆ పొద్దున మా ఆయన కోటలో లేరు. తెల్లవారకముందే లేచి వెళ్లారు. దాడి వస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు. తెలిసేసరికి ఆయన వాగు అవతల ఉన్నారు, మధ్యలో రాజు సైన్యం ఉంది. చీకటి పడే వేళకి గాని వెనక తలుపు లోంచి లోపలికి రాలేకపోయారు."

గిడియన్ తల పట్టుకున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి నేను తలెత్తుకు తిరిగింది ఏ గోడ మీది కథ చూసుకునో, ఆ కథని మా అమ్మ తన నోటితోనే తీసిపారేసింది. ఆవిడ ముఖం చూశాను. సిగ్గు లేదు ఆ ముఖంలో. అదేంటో నాకు అర్థం కాలేదు.

"విన్నారు కదా" అన్నాడు పెక్ మెల్లగా. "హేజెన్, రాసుకో."

పంతులు కలం సిరాలో ముంచలేదు. అమ్మనే చూస్తున్నాడు.

"ఆగండి. సగమే చెప్పాను" అంది అమ్మ. "పొగ వాసన తగిలింది. కోటలో ఉన్న మగవాళ్లు గోడలో ఎవరి తుపాకి తూటు దగ్గర వాళ్లు నిలబడి, కెప్టెన్ ఏరీ, కెప్టెన్ ఏరీ అని ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. ఇంకోసారి అడిగితే ఒకడు పారిపోతాడు. ఒకడు పోతే అందరూ పోతారు. నాకది వాళ్ల గొంతుల్లో వినపడింది. వేటకి పోయే చొక్కాలో వెళ్లారు ఆయన. ఈ కోటు మేకుకి వేలాడుతోంది. తీసి తొడుక్కున్నాను."

మందిరంలో ఎక్కడో పసిపిల్ల ఏడ్చింది. తల్లి దాని నోరు మూసింది.

"టోపీ పెట్టుకున్నాను. అమాసాని పిలిచాను. ఆడవాళ్లూ పిల్లలూ కింద నేలమాళిగలో ఉన్నారు. జెరూషా అటక మీద నొప్పులు పడుతోంది, ఎవరూ పైకి రావద్దని అమాసా భార్య వాళ్లని నమ్మించింది. పాపం ఆవిడ ఈ మాట తనతోనే సమాధికి తీసుకుపోయింది. ఇక మగవాళ్లు. వాళ్ల కళ్లు బయటికి. నేను నడిచే గోడ వాళ్ల నెత్తి మీద. వెనక్కి తిరిగి చూస్తే కనపడేది కోటు, టోపీ. వినపడేది డోలు. ఇంకేం కావాలి వాళ్లకి?"

"జెరూషా" అన్నాడు సైలస్ బాధగా. "మేం పారిపోయేవాళ్లమా?"

"పారిపోయేవాడివే సైలస్. ఉత్తరం మూల నిచ్చెన మీద ఒక కాలు పెట్టావు. డోలు మోగింది, కాలు తీశావు. నేను పైనుంచి చూశాను."

సైలస్ బీమన్, ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, అందరి ముందూ చిన్నపిల్లాడిలా అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"పెట్టాను" అన్నాడు చివరికి. "దేవుడు చూశాడు, పెట్టాను. ఆ కాలు సంగతి నా భార్యకి కూడా చెప్పుకోలేదు. వెనక్కి తిరిగితే గోడ మీద కెప్టెన్ నన్నే చూస్తున్నాడు. చూసి తల తిప్పుకున్నాడు. నన్ను పట్టించలేదని, ఒక్కనాడూ ఎత్తి చూపలేదని, పోయే దాకా ఆయన మీద ప్రాణం పెట్టుకున్నాను."

"ఆయనకి తెలిస్తే కదా ఎత్తి చూపడానికి" అంది అమ్మ. "నేను చెప్పలేదు. ఒక కాలే కదా పెట్టింది. రెండోది పెట్టలేదుగా."

సైలస్ ఆమెకి తల వంచాడు.

పెక్ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "ఇది మొగుడి మీద ప్రేమతో చెప్పే మాట కావచ్చు. సైలస్ కాలు సంగతి ఎలా తెలిసిందో నాకు తెలీదు. నిండు నెలల ఆడమనిషి పొద్దంతా గోడ మీద తిరిగిందంటే ఎవరు నమ్ముతారు? ఋజువేది?"

అమ్మ కోటు దులిపి తొడుక్కుంది. అది ఆవిడకి మోకాళ్ల కిందికి దిగింది. బొత్తాలు పెట్టుకోలేదు. పక్కన కూర్చున్న వాడి టోపీ అడక్కుండానే తీసుకుని తలమీద పెట్టుకుంది. ఎడమ చెయ్యి నడుం మీద అదిమిపెట్టి, కాస్త వెనక్కి వాలి, నడవ వెంబడి నడిచింది. అడుగు అడుగుకీ ఆగి, కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, మళ్లీ అడుగు వేసింది. బల్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర అమాసా కళ్లు ఆవిడ మీదే ఉన్నాయి.

అమ్మ చెయ్యి పైకెత్తింది.

డోలు మోగింది. అమాసా వాయించాలని వాయించలేదు. తన చేతులే వాయించాయని తర్వాత చెప్పాడు. ఆ మోత పైకప్పుకి తగిలి తిరిగొచ్చేలోగా, మగవాళ్ల వైపు అక్కడొకడు ఇక్కడొకడు ముసలి సిపాయిలు లేచి నిలబడ్డారు. ఒకడికి కర్ర ఉంది, ఒకడికి చూపు లేదు. లేని తుపాకి కోసం వాళ్ల చేతులు భుజాల మీదికి వెళ్లాయి. అమ్మ అరచెయ్యి చాపింది. డోలు ఆగింది. చేతులు ఆగాయి.

"అదే నడక" అన్నాడు చూపులేని ముసలి సిపాయి.

"నీకెలా కనపడింది?" అని పక్కవాడు అడిగాడు.

"వినపడిందిరా. అడుగు వేసి ఆగడం. ఆ రోజు నా నెత్తి మీద పొద్దంతా అదే విన్నాను."

అమ్మ టోపీ తీసి, తీసుకున్న వాడికే ఇచ్చేసింది. పెక్ వైపు తిరిగింది.

"నడుం మీద చెయ్యి ఎందుకు పెట్టుకున్నానో అడగరేం డీకన్ గారూ? గుండు తగిలి కాదు. కెజాయా, ఇలా రా."

నేను గడప దగ్గర్నుంచి వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను.

"ఇది ఆ వారంలోనే పుట్టింది. ఆ రోజంతా లోపలి నుంచి తన్నుతూనే ఉంది. కూర్చుంటే లేవలేనేమోనని భయం వేసి కూర్చోలేదు. అందుకే పచార్లు. వీరత్వం ఏమీ లేదు అందులో."

వీరత్వం లేదట. ఆవిడ అలాగే మాట్లాడేది. నేను మాత్రం ఆ క్షణాన మందిరంలో అందరికంటే పొడుగ్గా ఉన్నాను. నా కంటే పెద్ద అన్న ఉన్నాడు, పెళ్లయి వెళ్లిపోయిన అక్కలు ఉన్నారు. వాళ్లెవరూ గోడ మీద లేరు. నేనున్నాను. ఆ రోజు ఆ నీలం కోటులో ఇద్దరం నడిచాం. ఈ మాట నేను ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో మా ఇంట్లో ఎవరినడిగినా విసుక్కుంటూ చెబుతారు. విసుక్కోనివ్వండి.

సైలస్ బీమన్ బల్ల మీద చరిచాడు. "ఒరేయ్, తలుపు దగ్గరున్న కుర్రాళ్లూ. పొద్దున ఆ గుమ్మం ముందు తుపాకి పేల్చనిది మీరే కదా? పొండి. ఇప్పుడు పేల్చి రండి. మందు పొదుపు చెయ్యకండి."

కుర్రాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ బయటికి పరిగెత్తారు. గోడకి ఆనించిన తుపాకులు తీసుకున్నారు. కాసేపటికి మందిరం అద్దాలు అదిరేలా మోత. మళ్లీ మోత. అమ్మ కోటు విప్పి మడత పెడుతోంది. ఆ మోతకి ఒక్కసారి కళ్లు మూసుకుంది. నాన్న పోయిన రోజు కూడా నేను ఆవిడ కంట్లో నీళ్లు చూడలేదు. అప్పుడు చూశాను.

"ఇన్నేళ్లు ఎందుకు దాచావమ్మా?" అన్నాడు గిడియన్.

"కోట వదిలి వెళ్లిన కెప్టెన్ని ఏం చేస్తారో నీకు తెలీదా? ఆయన బతికుండగా చెప్తే ఉరితాడు. ఊరు పొగుడుతుంటే ఆయన బయటికి ఎందుకు వెళ్లిపోయేవారో ఇప్పుడు తెలిసిందా? నాది కాని దండ నా మెడలో వేస్తున్నారు జెరూషా, అని ప్రతిసారీ బాధపడేవారు. ఇప్పుడు ఆయన్ని ఎవరూ ఉరి తీయలేరు."

"మొదటి బెంచీ" అన్నాడు సైలస్. "హేజెన్, రాయి. జెరూషా థ్రాల్, మొదటి బెంచీ. నా ఓటు అది. నీదేంటి?"

"నాదీ అదే" అన్నాడు పంతులు. అతని గొంతు వింతగా ఉంది. కలం అప్పుడు సిరాలో ముంచాడు.

"రాయకు" అన్నాడు పెక్.

లేచి నిలబడ్డాడు. ముఖంలో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"సోదరీ, కోట కాపాడింది మీరు. ఒప్పుకుంటున్నాను. మీ ముందు తల వంచుతున్నాను. కానీ తుపాకులు పేలిస్తే రేవులో నేను చూసింది మాసిపోదు. నేను ఇంతవరకూ సగమే చెప్పాను. ఊరి పరువు కోసం మిగతా సగం మింగాను. ఆ పొద్దున కెప్టెన్ ఒంటరిగా లేడు. ఆయన వీపు మీద ఒక మనిషి ఉన్నాడు. ఎర్రకోటు మనిషి. రాజు సిపాయి. మన కొట్టాలు కాలుతుంటే, మన కెప్టెన్ శత్రువుని వీపున మోసుకుని వాగు దాటించాడు. పారిపోవడం కంటే పెద్ద నేరం అది. దానికి మొదటి బెంచీ ఇవ్వమంటారా?"

బయట కుర్రాళ్లు ఇంకా కేరింతలు కొడుతున్నారు. లోపల లేచి నిలబడ్డ ముసలి సిపాయిలు మెల్లగా కూర్చున్నారు.

"ఎవడు వాడు?" అని అడిగాడు పెక్. "ఎందుకు మోశాడు?"

అమ్మ కోటు మడతని గుండెకి హత్తుకుంది.

"ఆ మాట నాది కాదు" అంది. "నేను చెప్పను."

"అమ్మా" అన్నాడు గిడియన్. "ఇంత దూరం వచ్చి ఇప్పుడా? చెప్పు. చెప్పకపోతే మళ్లీ మెట్ల కిందికే."

"మెట్ల కింద కూర్చుంటాను. మీ నాన్న మాటిచ్చారు. ఇచ్చిన మాట ఆయనతో పోదు."

ఆవిడ వెనక్కి తిరిగింది. మెట్ల కింది బెంచీ వైపు నడవడం మొదలుపెట్టింది. నేను వెంట నడిచాను. సిగ్గుపడుతూ కాదు. కోటులో నడిచినదాన్ని, ఏ బెంచీ అయితే నాకేం అనుకున్నాను. సగం దూరం వెళ్లామో లేదో, వెనక బెంచీ జరిగిన చప్పుడైంది.

ఆడవాళ్ల వైపు, మొదటి బెంచీ. పెక్ భార్య టిర్జా. ఎప్పుడూ ఒళ్లో అల్లికపనితో తల వంచుకుని కూర్చునే మనిషి. ఊళ్లో ఆవిడ గొంతు విన్నవాళ్లు తక్కువ. మందిరంలో విన్నవాళ్లు లేరు. లేచి నిలబడింది. చేతిలో సగం అల్లిన మేజోడు ఉంది. మగవాళ్లు వేసుకునేది.

"డీకన్ గారూ" అంది భర్తతో. "జెరూషాని మెట్ల కింద కూర్చోనివ్వకండి. ఆ చోటు నాది."

"టిర్జా, కూర్చో."

"ఇన్నాళ్లూ కూర్చున్నాను. ఆ తెల్లవారుజామున కెప్టెన్ గారి తలుపు తట్టింది నేను. రాజు వైపు పోయినవాడు సొంత బావమరిది అయినా కాల్చేస్తానని మీరు మన బల్ల ముందు ఒట్టు వేశారు. మా తమ్ముడు వాళ్ల పటాలం నుంచి పారిపోయి, కాలు విరిగి, అడవిలో పడి ఉన్నాడని నాకు కబురొచ్చింది. మీకు చెప్పలేకపోయాను. ఆయనకి చెప్పాను. ఆయన ఇంకో మాట అడగలేదు. చొక్కా తొడుక్కుని బయల్దేరారు."

పెక్ బల్ల అంచు పట్టుకున్నాడు. "నీ తమ్ముడు చచ్చిపోయాడన్నావు."

"మీతో అలా చెప్పాను" అంది టిర్జా. ఆవిడ అప్పుడు భర్తని చూడటం లేదు. అతని పక్కకి చూస్తోంది. "చావలేదు. మీరెప్పుడూ వాణ్ణి చూడలేదు, వాడు పేరు మార్చుకున్నాడు కనక గుర్తుపట్టలేదు."

బల్ల దగ్గర బడిపంతులు హేజెన్ మా అమ్మ పేరు మొదటి బెంచీకి ఎదురుగా రాయడం పూర్తి చేశాడు. ఇసుక చల్లి ఆరబెట్టాడు. కలం కింద పెట్టి, చేతికర్ర అందుకుని, కుంటికాలు ఈడ్చుకుంటూ లేచి నిలబడ్డాడు.